గార్సైడ్ గారి అబ్బాయి జీపు

మా ఆయన సిరిల్ బస్సు డిపోలో మెకానిక్. జీతమిచ్చేది ఆ పనే గానీ, ప్రాణం మాత్రం రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక సైన్యం వేలం వేసిన బళ్ల మీద. ఏ బండి ఏ లాటులో పోయింది, ఎవరు కొన్నారు, ఇప్పుడు ఏ కొట్టంలో కోళ్ల కింద తుప్పు పడుతోంది, అన్నీ చీటీల మీద రాసి బూట్ల డబ్బాల్లో పెట్టుకున్నాడు. ముప్పై ఏడు డబ్బాలు, అదీ నా ముందుగదిలో. చుట్టాలొస్తే కూర్చోబెట్టడానికి చోటు లేదు. ఎన్నిసార్లు తిట్టినా ఆ మనిషి చెవికెక్కదు.

ఆయన భయపడగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు, 1983 మార్చిలో ఆ గురువారం వచ్చేదాకా.

అంతకు ఆరు నెలల ముందు గ్రిమ్స్‌బీ ఊరి నుంచి మిసెస్ గార్సైడ్ అనే ఎనభై మూడేళ్ల ఆవిడ ఉత్తరం రాసింది. ఒక్కగానొక్క కొడుకు ఆర్నల్డ్ హాలండ్‌లో జీపు నడిపేవాడట. నలభై అయిదు జనవరిలో కాలినడకన కాపలాకు వెళ్లి తూటా తగిలి పోయాడు. ఉత్తరంతో పాటు ఫోటో పంపింది. కుర్రాడు జీపు బానెట్టు మీద రెండు చేతులూ ఆనించి నవ్వుతున్నాడు. పక్కనే తెల్లరంగుతో వేసిన నంబరు, అందులో ఏడు వంకర. చచ్చేలోగా వాడు పట్టుకున్న స్టీరింగు ఒక్కసారి పట్టుకోవాలని ఆవిడ కోరిక.

సిరిల్ వేలం జాబితాలన్నీ తిరగేసి, ఊరూరా తిరిగి, ఒక రైతు దగ్గర పాత జీపు కొనుక్కొచ్చాడు. గరుకు కాగితం తడిపి పైనున్న ఎర్రరంగు, దాని కింద పచ్చరంగు, పొర తర్వాత పొర రుద్దుతూ పోతే ఆ నంబరు బయటపడింది, వంకర ఏడుతో సహా. మా ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. దొరికిందని వెంటనే ఉత్తరం రాసేశాడు. ఆదివారం బస్సుకు వస్తానని ఆవిడ జవాబిచ్చింది.

గురువారం టపాలో, ఇదే పిచ్చి ఉన్న ఒక స్నేహితుడు సైన్యం పాత చిట్టాలోంచి ఒక పేజీ నకలు పంపాడు. ఆ నంబరు జీపుకు అడుగు చట్రం మీద ఏ సంఖ్య కొట్టి ఉండాలో అందులో ఉంది. సిరిల్ ఈల వేసుకుంటూ గరాజులోకి వెళ్లాడు. నేను టీ పట్టుకెళ్లేసరికి బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“కలవలేదు,” అన్నాడు. “చట్రం వేరే జీపుది. బానెట్టు ఒక్కటే ఆ అబ్బాయిది.”

“బానెట్టు దానంతట అదే నడిచొచ్చి కూర్చుందా?”

“బిగించింది మేమే, మేవిస్. నేనో, నా పక్కవాడో.”

ఇరవయ్యేళ్లప్పుడు ఆయన ఈ జీపును అమ్మిన వేలం మైదానంలోనే పనిచేశాడు. వేలంపాటకు ముందు మేస్త్రీ చెప్పేది ఒకటే మాట. ఇంజను తిరిగే బళ్లకు మంచి బానెట్లు, తిరగనివాటికి సొట్టలు పడ్డవి బిగించమని. రోజుకు నలభై మార్చేవాళ్లట. అలాంటి మనిషి ఇన్నేళ్లకు బానెట్టు మీది నంబరు చూసి, బండి ఇదేనని ఒక తల్లికి రాసిచ్చాడు.

రెండు రోజులు ముద్ద ముట్టలేదు.

“నోరు మూసుకుని ఊరుకో,” అన్నాను. “ఆవిడ స్టీరింగు పట్టుకుంటుంది, నాలుగు కన్నీళ్లు కారుస్తుంది, టీ తాగి బస్సెక్కుతుంది. చట్రం గోకి చూసేదెవరు?”

“నేను చూశానుగా.”

“ఎనభై మూడేళ్ల మనిషి. చెప్పగానే గుండె ఆగితే?”

“ఆ భయం ఉంది. చెప్పకపోతే, ఎవడో పరాయివాడి స్టీరింగు ఆవిడ నిమురుతుంటే నేను పక్కన నిలబడి చూడాలి. అది ఇంకా భయంగా ఉంది.”

నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పాలంటే, నాకూ భయమే.

ఆదివారం బస్టాపుకు నేనే వెళ్లాను. నీలం కోటు, ఉన్ని చేతితొడుగులు, గుండెకు హత్తుకున్న సంచీ. ఆవిడ నా చెయ్యి పట్టుకుంటే బరువే తెలియలేదు.

“చర్చిలో అందరికీ చెప్పేశానమ్మా,” అంది. “మీ ఆయన చల్లగా ఉండాలి.”

ఇంటిదాకా వాతావరణం గురించి ఏదేదో వాగాను.

సిరిల్ టై కట్టుకుని గరాజులో జీపు పక్కన నిలబడి ఉన్నాడు. ఆవిడ అటూ ఇటూ చూడకుండా నేరుగా స్టీరింగు వైపు వెళ్లింది. ఇంకో జానెడు దూరంలో ఉందనగా, “ఆగండమ్మా,” అన్నాడు.

అంతా చెప్పాడు. మేస్త్రీ మీదికి తోసెయ్యకుండా, తన చేతులతో చేసిన పని కూడా చెప్పాడు. ఆవిడ చాచిన చెయ్యి మెల్లగా కిందికి దించింది. నేను ఆవిడ పడిపోతుందేమోనని కుర్చీ కోసం వెతికాను.

“అయితే ఇది వాడు నడిపిన బండి కాదు,” అంది.

“కాదమ్మా.”

“మరి ఈ రేకు?”

“బానెట్టు మీ అబ్బాయిదే. ఫోటోలో ఏడు చూడండి, ఇక్కడ చూడండి.”

ఆవిడ చాలాసేపు చూసింది. “స్టీరింగు గురించి వాడు ఒక్క ముక్క కూడా రాయలేదు నాయనా. అది నేను అనుకున్నదే. వాడు రాసిందంతా చలి గురించే. వేళ్లు కొంకర్లు పోతే, ఇంజను ఆడించి బానెట్టు మీద చేతులు పెట్టుకుంటానని రాసేవాడు.” సంచీ నేలమీద పెట్టింది. “ఇంజను తిరుగుతుందా?”

సిరిల్ స్టార్టు చేస్తే మూడోసారికి ఇంజను అందుకుంది. ఆవిడ చేతితొడుగులు తీసేసి, ఫోటోలో కుర్రాడు పెట్టిన చోటే రెండు అరచేతులూ ఆనించింది. మార్చి చలికి రేకు మంచులా ఉంది. పొగ కమ్ముతుంటే తలుపులు బార్లా తెరిచాను. అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. ఆవిడ కదల్లేదు.

సిరిల్ భయపడుతూనే దగ్గరికి వెళ్లి అడిగాడు. “ఆపెయ్యమంటారా అమ్మా?”

“ఉండు నాయనా,” అంది. “ఇప్పుడిప్పుడే వెచ్చబడుతోంది.”