గంప కింద పెట్టపిల్ల

మా అవ్వ, నన్ను కన్న తల్లి, స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న రోజు ఆటో ఎక్కిస్తుంటే నొప్పికి ఏడవలేదు. వాకిట్లో తిరుగుతున్న కోడిపిల్లల వైపు వేలు చూపించింది. "గా ఎర్ర పెట్టపిల్ల పోచమ్మది. నా కాళ్ల మీద నేను నడిచిపోయి ఇస్త. జర పైలంగ చూడు బిడ్డా," అంది. మొక్కులంటే నాకు పడదు. ఆటో ఆయన ముందు గొడవెందుకని సరే అన్నాను.

మానుకోట పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి, రాడ్డు వేసి పంపారు. వాకర్ పట్టించి రోజూ నడిపించమని డాక్టర్ గట్టిగా చెప్పాడు. నేను విన్నాను, తలూపాను, ఇంటికొచ్చి ఆమెను మంచం దిగనివ్వలేదు. మళ్లీ పడితే? ఇంట్లో ఉండేది మేమిద్దరమే. కుట్టుమిషన్ మీద పని చేసుకుంటూ పగలంతా కనిపెట్టుకుని ఉండటం నా వల్ల కాదు. "కదిలినవంటే ఊకోను," అని వాకర్‌ను సజ్జ మీదికెక్కించాను. చలిగాలి తగలకుండా వెనక గది కిటికీ మూశాను. అంత ప్రేమ నాది!

పెట్టపిల్లకూ అదే మర్యాద. దాన్ని కుక్క ఎత్తుకుపోతే అవ్వ నన్ను బతకనివ్వదు. అందుకని దాన్ని మిగతా పిల్లల్లోంచి వేరుచేసి వరండా మూల గంప కింద మూసి, పైన రాయి పెట్టి, పూటపూటకూ నూకలు వేశాను. మూడు వారాలు గడిచాక ఒకనాడు గంప ఎత్తితే అది లేవలేదు. మోకాళ్ల మీద చతికిలబడి, కాలివేళ్లు లోపలికి ముడుచుకుని నా వైపే చూస్తోంది. నిలబెడితే పక్కకు ఒరిగిపోయింది. అవ్వకు చెప్పకూడదనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. ఊరంతా పత్తి ఏరడానికి పోయింది, వీధిలో అలికిడి లేదు. వెనక గదిలోంచి అవ్వ మామూలు గొంతుతో, "పడ్డది," అంది.

"ఏంది పడ్డది?" అని అరిచాను.

"గదే. ఎడమదిక్కు పడ్డది."

వెళ్లి గంప ఎత్తాను. పెట్టపిల్ల ఎడమ పక్కకు పడి, రెక్క నేలకు పరిచి, చప్పుడు లేకుండా ఒక కాలు గాల్లో ఆడిస్తోంది. గదికీ వరండాకూ మధ్య రెండు గోడలున్నాయి. ముసలామె చెవులు పాముచెవులు అని సర్దిచెప్పుకోబోయాను. కానీ మా అవ్వకు చెవుడు. టీవీ పెడితే మూడిళ్ల అవతలికి వినబడాలి.

ఆ మరుసటి రోజు పరీక్ష చేద్దామనుకున్నాను. చెప్పులు విడిచి, ఊపిరి బిగబట్టి పోయి, గంప పక్కకు పెట్టి, పిల్ల నడుం పట్టి కాళ్ల మీద నిలబెట్టాను. లోపలి నుంచి గొంతు వచ్చింది. "వద్దు బిడ్డా, ఇడువు. మోకాళ్లు గుంజుతున్నయ్."

వదిలేశాను. లోపల అవ్వ హమ్మయ్య అని నిట్టూర్చింది. గదిలోకి పోయి ఆమె కాళ్ల మీది దుప్పటి తీశాను. పిక్కలు సన్నబడి ఉన్నాయి. కాలివేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. అవ్వ కళ్లు తెరిచే ఉంది. దుప్పటి మళ్లీ కప్పేశాను.

పిల్లను సంచిలో పెట్టుకుని కేసముద్రం పశువుల దవాఖానకు పోయాను. కంపౌండర్ దాని వేళ్లు విప్పి చూసి అడిగాడు. "ఎండల ఇడుస్తున్నవా అక్కా?"

"లేదు."

"మట్టిల తిరుగుతదా?"

"లేదు. గంప కిందనే ఉంటది. నూకలేస్తున్న."

"గిది పెద్ద రోగం గాదు. గంపల మూసి నువ్వే దీని కాళ్లు తీసినవ్. నీళ్లల్ల గీ మందు చుక్కలు కలుపు, గుడ్డు పెంకలు దంచి పెట్టు, ఎండల ఇడువు. లేటైతే గిట్లనే ఉండిపోతది."

ఆటోలో తిరిగి వస్తుంటే నేను కోడి గురించి ఆలోచించలేదు. ఇంటికి రాగానే కిటికీ తెరిచి, సజ్జ మీది వాకర్ దించాను. "లే అవ్వా," అన్నాను. ఆమె ఏడ్చింది, తిట్టింది, నేనూ తిట్టాను.

రోజూ పొద్దున ఎండలో ఇద్దరినీ నిలబెట్టేదాన్ని. ఇద్దరూ ఒకే పక్కకు ఒరిగేవాళ్లు. పది రోజులకు పిల్ల నాలుగడుగులు వేసింది. అదే పూట అవ్వ మంచం నుంచి గడప దాకా నాలుగడుగులు వేసింది. ఆ తర్వాత ఇద్దరి అడుగుల లెక్క ఒకటే కావడం చూసి కూడా చూడనట్టే ఉన్నాను. నెల దాటేసరికి పిల్ల వాకిలంతా తవ్వుతోంది, అవ్వ చేతికర్రకు వచ్చింది.

"ఐతారం పోచమ్మకాడికి పోదాం," అంది. అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం. ఆమె నడిచింది కాబట్టి కోడిని కొయ్యాలి. కోస్తే ఆమెకేమవుతుంది? ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు.

ఒక చేత్తో కర్ర, ఇంకో చెయ్యి నా చేతిలో పెట్టి అవ్వ గుడి దాకా నడిచింది. పూజ చేసే కుమ్మరి పెద్దమనిషి కోడి మీద పసుపునీళ్లు చల్లాడు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అది కదల్లేదు. మళ్లీ చల్లాడు. తడిసిన రెక్కలతో అలాగే నిలబడి ఉంది. మూడోసారి చల్లినప్పుడు నా చేతిలో ఉన్న అవ్వ చెయ్యి అదిరింది. తల నుంచి కాళ్ల దాకా ఆమె ఒళ్లంతా ఒక్కసారి విదిలించింది. ఆమె మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

"ఒప్పుకున్నది తల్లి," అన్నాడు కుమ్మరాయన. అతను చూస్తున్నది కోడిని కాదు, అవ్వను.

అతను కత్తి అందుకునేలోపు కోడిని లాక్కున్నాను.

"మొక్కు ఎగ్గొడ్తవా?" అంది అవ్వ.

"ఎగ్గొడ్త. నాకు నువ్వు గావాలె."

అవ్వ నా చెయ్యి విసిరికొట్టింది. కర్ర కూడా అక్కడే పడేసింది. ఇంత కోపం ఆమెలో నేనెన్నడూ చూడలేదు. ఎవరినీ పట్టుకోకుండా, ఏదీ ఆనుకోకుండా ఇంటి దారి పట్టింది. పడుతుందేమోనని వెనకే పరిగెత్తాను. పడలేదు. నా చేతుల్లో పెట్టపిల్ల కాళ్లు ఖాళీ గాల్లో ఒకటి తర్వాత ఒకటి కదులుతున్నాయి, ముందు అవ్వ వేసే అడుగుకు ఒకటి చొప్పున. వాటిని ఆపాలని నాకు అనిపించలేదు. ఇల్లు చేరేదాకా దాన్ని కింద దించే ధైర్యం చెయ్యలేదు.