వేపుడు మీద పడ్డ నింద

పోర్టు దగ్గరి ల్యాబులో పనిచేసే నాగశ్రీకి, ఎవరి విరేచనం పరీక్షకు వచ్చినా, ముందు కళ్లద్దాలు చున్నీతో తుడుచుకుని మైక్రోస్కోపుకి దణ్ణం పెట్టడం అలవాటు. ఆ రోజు ఒక గ్రీసు నావికుడిది వచ్చింది. నిన్న ఓడ దిగి యారాడ బీచిలో చేపల వేపుడు తిన్నాడనీ, కడుపు పాడైంది అందుకేననీ ఓడ ఏజెంటు తేల్చేశాడు. వేపుడు అమ్మిన సన్యాసమ్మ ల్యాబు గుమ్మంలోనే కూర్చుంది. "నా కొట్టు మూయించీత్తారంట తల్లీ," అంది దిగులుగా.

నాగశ్రీ స్లైడు మీద వంగి చాలాసేపు చూసి, నవ్వింది. "ఇది జియార్డియా అనే క్రిమి. కడుపులోకి వెళ్లాక జబ్బు బయటపడడానికి వారం, పది రోజులు పడుతుంది. వెనకటి రేవులో ఏ నీళ్లో తాగుంటాడు. నీ చేపలది తప్పు కాదమ్మా."

రిపోర్టు కోసం పక్కనే నిలబడ్డ ఏజెంటు ఫోను చూసుకోసాగాడు. సన్యాసమ్మ చీర దులుపుకుని లేచింది.

"అయితే ఆ బాబుతో సెప్పమ్మా, కడుపు కుదుటపడ్డాక నా కొట్టుకే రమ్మను. ఈపాలి కారం తగ్గించి ఏపుతాను."