గుట్టకు కప్పేందిరా?

బొగ్గుబాయి కార్మికుడికి వారానికి ఒక్కటే సెలవు. ప్లేడే అంటారు. బుచ్చన్న ఆ ఒక్క రోజునూ నాలుగేళ్లుగా పోలీస్ స్టేషన్ వరండాలో గడుపుతున్నాడు. పొద్దున పదింటికి వెళ్లి రిజిస్టర్‌లో సంతకం పెడతాడు. సాయంత్రం పొమ్మన్నప్పుడు ఇంటికొస్తాడు. కేసు లేదు, కోర్టు లేదు. ఎందుకు ఊరుకున్నావని అడిగితే, "పోనియ్ తమ్మీ, కొడుతలేరు గద" అంటాడు. కొట్టకపోవడమే మేలని ఒక మనిషి సర్దుకుపోతున్నాడంటే సిగ్గుపడాల్సింది అతను కాదు.

అతను చేసిన నేరం ఒక బండను కర్రతో మూడుసార్లు తట్టడం.

బుచ్చన్నది టింబర్ పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెడతాడు. పుట్టింది రామగిరి గుట్టల కింది పల్లెలో. ప్లేడే వస్తే దోస్తులు కల్లు దగ్గరికి పోతే అతను గుట్టెక్కేవాడు. "రొమ్ముల దుమ్ము గుట్ట గాలికే పోతది" అనేవాడు. తోడు ఎప్పుడూ సైకిల్ షాపు వజీరే. వజీర్ చేతులు ఆగినా నోరు ఆగదు.

ఎనభై ఏడులో, దసరా వెళ్లాక వచ్చిన ఆదివారం. ఇద్దరూ సీతాఫలాలకని సంచి పట్టుకుని గుట్ట కింది బేగంపేట దగ్గర బస్సు దిగారు. వెనకే కొత్త కాన్వాసు బూట్లతో ఒకాయన దిగాడు. పేరు లింగమూర్తి అన్నాడు. జ్యోతినగర్‌లో అద్దెకుంటాడట, ఏదో ఆఫీసులో గుమాస్తానట.

"గుట్ట సూద్దామని వచ్చిన అన్నా. తొవ్వ తెల్వది. మీ ఎంబడి రావచ్చా?"

బుచ్చన్న రమ్మన్నాడు. వజీర్ అతని మోచేయి పట్టి పక్కకు లాగాడు.

"బుచ్చన్నా, గుట్ట సూడనీకె ఎవడన్న జేబుల పుస్తకం పెట్టుకొస్తడా? జర పైలం. ఏం అడిగినా సెప్పకు."

అప్పట్లో ఆ మాట వింత కాదు. అడవిలో అన్నలున్నారని పోలీసులు ప్రతి బాటసారినీ ఆపేవారు. ఎవడు పోలీసు మనిషోనని జనం పక్కింటివాణ్ణి కూడా నమ్మేవారు కాదు.

వానలు వెలిసి గడ్డి నడుము దాకా పెరిగింది. తంగేడు ఇంకా పూస్తోంది. గుట్ట మీది పాత కోట గోడ రాళ్లు దారికి అడ్డంగా పడి ఉన్నాయి. పాకుడు పట్టిన మెట్ల మీద లింగమూర్తి రెండుసార్లు జారాడు. అయినా అడగడం ఆపలేదు. ఈ తొవ్వ ఎటు పోతది? పైన నీళ్లు ఏడాదంతా ఉంటయా? పొద్దుగూకినంక ఎవలన్న వస్తరా? బుచ్చన్న చెప్పబోయిన ప్రతిసారీ వజీర్ దగ్గేవాడు. ఈ దగ్గులూ గుసగుసలూ లింగమూర్తి గమనిస్తూనే ఉన్నాడు. రానురాను అతను పదడుగులు వెనకబడి నడిచాడు.

కోట రెండో దర్వాజా దాటాక బాట ఒక పెద్ద బండ కింది నుంచి పోతుంది. బుచ్చన్న ఆగాడు. కర్రతో బండను మూడుసార్లు తట్టాడు. ఎడమ అరచేయి రాతికి ఆనించి, తల వంచి విన్నాడు.

గనిలో కప్పు కిందికి పోయే ముందు ఎవరైనా చేసేది అదే. కప్పు గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల విడిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది, అరచేతికి వణుకు తెలుస్తుంది. ఆ అలవాటుతోనే ఇంట్లో కొత్త గోడను కూడా తట్టి చూస్తాడని భార్య సారవ్వ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

"ఎవలను పిలుస్తున్నవ్?" లింగమూర్తి వెనక నుంచే అడిగాడు.

బుచ్చన్న నోరు తెరిచేలోపే వజీర్ అందుకున్నాడు. "మా మామ లోపలున్నడు సార్. దర్వాజ తీస్తడేమో సూస్తున్నం. మీ పేరు గూడ సెప్పమంటరా?"

బుచ్చన్న నవ్వాపుకొని, "గిటు వద్దు, సుట్టు తిరిగి పోదం" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. చెప్పొద్దని వజీర్ కన్ను గీటాడు మరి. లింగమూర్తి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

తిరుగు బస్సులో బుచ్చన్న అతనికి ఒక సీతాఫలం ఇచ్చాడు. కళ్లు తెరిచిన పండు. దిగేదాకా లింగమూర్తి దాన్ని చేతిలో పట్టుకున్నాడే తప్ప తినలేదు.

అయిదో రోజు బుచ్చన్న షిఫ్టు దిగి బయటికి రాగానే పోలీసు జీపు కనబడింది.

"మూడు దెబ్బలకు అర్థమేంది? ఆ మామ ఎవడు?"

"కప్పు కొట్టి సూసిన సార్."

"గుట్టకు కప్పేందిరా?" అని అందరూ నవ్వారు.

వజీర్‌ను కూడా పట్టుకొచ్చి రెండు రోజులుంచి వదిలేశారు. కర్ర పట్టిన చెయ్యి బుచ్చన్నది కాబట్టి ప్రతి ప్లేడే వచ్చి కనబడమన్నారు.

మరుసటి వానాకాలం ఆ బండ కూలి బాట మూసుకుపోయింది. మేకలు కాసే లస్మవ్వ చూసి చెప్పింది. ఇప్పుడైనా నమ్ముతారని బుచ్చన్న స్టేషన్‌లో ఆ మాట చెప్పాడు. వాళ్లు కుర్చీల్లోంచి లేచారు. "కూలుతదని నీకు ముందే ఎట్ల తెలుసు? ఎవలు పేల్చిండ్రు?"

పోయిన నెల లింగమూర్తి సైకిల్ పంక్చరై వజీర్ షాపు ముందు ఆగింది.

"ఏం సార్, డిపార్టుమెంటోళ్లు జీపు ఇస్తలేరా?" అన్నాడు వజీర్.

"నేను పోలీసునా? మీరే అన్నల మనుషులనుకున్న! పుస్తకంల రాసింది చెట్ల పేర్లు." తల దించుకుని అన్నాడు: "రేపు మీరు దొరికితే, వాళ్లతోని నువ్వెందుకు పోయినవని నన్నడుగుతరు గద. గందుకే నేనే ముందు పోయి సెప్పిన."

గని లోపల అడుగు పెట్టని మనిషికి ఆ మూడు దెబ్బల సంగతి ఎలా తెలుస్తుంది? వజీర్ ఆ రోజు చెప్పాల్సింది నాలుగేళ్ల తర్వాత చెప్పాడు. లింగమూర్తి అక్కడే కూర్చుని తాను పొరబడ్డానని కాగితం రాసిచ్చాడు. స్టేషన్‌లో దాన్ని తీసుకోలేదు. కప్పు కొట్టి చూడటం అనేదొకటి ఉందని ఎవరు చెప్తారన్నారు.

బాయి పని చేసే మీరు చెప్పాలి. ఇది చదివే మీలో కప్పు తట్టి చూసి ప్రాణం దక్కించుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వచ్చే ప్లేడే పొద్దున పదింటికి స్టేషన్ ముందుకు రండి, బుచ్చన్న పక్కన ఒక్క గంట నిలబడండి. ఒంటరిగా రావడానికి భయమైతే జట్టంతా కలిసి రండి. డ్యూటీ ఉన్నవాళ్లు కప్పు ఎందుకు తడతారో ఒక కార్డు ముక్క మీద రాసి, మీ గని టోకెన్ నంబరు వేసి, వజీర్ షాపులో ఇచ్చిపోండి. రామగిరి మీద సీతాఫలాలు మళ్లీ కళ్లు తెరుస్తున్నాయి. అవి రాలిపోకముందే రండి.