పొడుగు మనిషి కొలత

మా మేస్త్రి పోయారు. ఇక్కడ ఒమాన్‌లో సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధనా ఆ రోజే. అది ముగిశాక చర్చి మెట్ల దగ్గర పిల్లల చెప్పులు వెతుకుతుంటే, ఫోన్‌లో ఆయన కూతురి వాయిస్ మెసేజ్ కనిపించింది. "అన్నా, మా బాపు పొయిండు. నిన్న పొద్దుగాల చాయ్ తాగి మంచంల ఒరిగిండు, మల్ల లేవలే. నీ ముచ్చట శానసార్లు చెప్తుండె, అందుకే నీకు చెప్తున్న." అంతే ఉంది. రెండోసారి వినడానికి మనసొప్పలేదు. నా భార్య నర్సు, చావు కబుర్లు ఆమెకు డ్యూటీలో భాగం. ఆమె కూడా ఆ మెట్ల మీదే కూర్చుండిపోయింది.

మస్కట్‌లో దార్సైట్ పేటలోని మా ఇంటికి ఆయన వచ్చింది మొత్తం మీద ఐదారుసార్లు. వచ్చినప్పుడల్లా తిన్న కంచం ఆయనే కడిగి, తుడిచి, ఎక్కణ్ణుంచి తీశామో అక్కడే పెట్టేవారు. నా భార్య మొదటిసారి నొచ్చుకుంది, రెండోసారి వద్దంది, మూడోసారి నాకేసి చూసి నేర్చుకోండి అంది. మా ఇంట్లో కంచాలు నా వంతుకు వచ్చింది అప్పటినుంచే. ఆయన మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే.

మేస్త్రి అంటే మీకు గోడలు కట్టించే మనిషి గుర్తుకు రావచ్చు. ఈయన ఇనుము మేస్త్రి. జగిత్యాల పక్క పల్లె నుంచి చిన్న వయసులోనే గల్ఫ్ వచ్చి, వెల్డర్‌గా మొదలై, మా వర్క్‌షాపులో అందరికీ పెద్ద అయ్యారు. ఒమానీలూ పాకిస్తానీ వెల్డర్లూ ఉస్తాద్ అనేవాళ్లు, తెలుగువాళ్లం మేస్త్రి అనేవాళ్లం. ఆ వర్క్‌షాపు మస్కట్‌కు దూరంగా, ఇబ్రా అనే ఊరు దాటాక ఉంది. నేను వారమంతా అక్కడే కంపెనీ రూమ్‌లో ఉండి, గురువారం సాయంత్రానికి మస్కట్‌లో ఇల్లు చేరేవాణ్ణి.

మేం చేసే పని చెబితే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. బ్రిటిష్ వాళ్లు ఎప్పుడో చేసిన సైనిక బండ్లు మా దగ్గరికి వచ్చేవి. మందపాటి ఉక్కు గోడలు, గొలుసు పట్టాలు, వెనక ఒక తలుపు, లోపల సైనికులు కూర్చోవడానికి సీట్లు. కొన్ని నాకంటే వయసులో పెద్దవి. మేం వాటిని డబ్బాలు అనేవాళ్లం. పాత పద్ధతిలో తుపాకి కాల్చాలంటే ఒక సైనికుడు పైమూత తెరిచి నడుం దాకా బయటికి లేచి నిలబడాలి. కొత్త పద్ధతిలో తుపాకి కప్పు మీద ఒక్కటే ఉంటుంది, దానికి కెమెరాలు ఉంటాయి. కాల్చేవాడు లోపల సీట్లో కూర్చుని, తెర మీద చూస్తూ చేతి పిడితో దాన్ని తిప్పుతాడు. ఆ ముసలి బండి ఇంజిన్ బాగుచేసి, వైర్లు మార్చి, కప్పు కోసి, ఈ కొత్త తుపాకికి చోటు చేయడం మా పని. కంప్యూటర్‌లో గీతలు గీసేది నేను. ఆ గీతల మీద నిప్పు పెట్టేది ఆయన.

నిప్పు పెట్టడంలో ఆయనకు తొందర ఉండేది కాదు. ఆ ఉక్కు మామూలు ఉక్కు కాదు, నేరుగా వెల్డింగ్ చేస్తే అప్పటికి బాగానే కనిపించి మర్నాటికి సన్నగా పగులుతుంది. అందుకని ముందు మెల్లగా వేడి చేసేవారు. వెల్డింగ్ అయ్యాక మందపాటి దుప్పట్లు కప్పి, బాలింతను చూసుకున్నట్టు గాలి తగలకుండా చూసుకునేవారు. నేను ఇంకా ఎంతసేపని గడియారం చూసుకుంటుంటే ఆయన నవ్వేవారు. "ముసలి ఇనుము ముసలి మనిషి లెక్క సారు. దబదబ ఎచ్చజేస్తే అలుగుతది, దబదబ సల్లారిస్తే పగులుతది." ఎండాకాలం మధ్యాహ్నాలు బయట పని ఆపాల్సి వచ్చినప్పుడు ఆ డబ్బా నీడలోనే తువ్వాలు పరుచుకుని పడుకునేవారు. వేడి ఇనుము పక్కన అంత హాయిగా గురకపెట్టే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నా డ్రాయింగులంటే ఆయనకు గౌరవమే, నమ్మకం మాత్రం లేదు. ప్రతి బండినీ మళ్లీ మొదటినుంచి కొలిచి, నా అంకె పక్కన తన అంకె సుద్దతో రాసేవారు. రెండూ ఒకటే కావడం అరుదు. చేత్తో కట్టిన బండ్లు కదా, ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకే తల్లి పిల్లలే గాని మొహాలు వేరు అనేవారు. తప్పు నాదని ఎప్పుడూ అనలేదు. ఆ సుద్ద గీత చూసి నేను గదికి వెళ్లి దిద్దుకోవాలి, అంతే.

దసరాకి తన రూమ్‌లో సుత్తికీ కొలబద్దకీ పసుపు కుంకుమ పెట్టి, బెల్లం ముక్కలు తెచ్చి అందరి చేతుల్లో పెట్టేవారు. ఆయుధ పూజ అంటే మా తుపాకికేనా అని నేనోసారి ఆటపట్టించాను. దానికి పూజ చేసుకునేవాళ్లు వేరే ఉన్నారు, నా సుత్తికి నేను తప్ప ఎవరున్నారు అన్నారు. పాకిస్తానీ వెల్డర్లు ఆ బెల్లం కోసం దసరా ఎప్పుడని నెల ముందునుంచే అడిగేవాళ్లు.

శుక్రవారం చర్చి బడిలో పిల్లలకు పాఠం చెప్పిన చేత్తోనే తుపాకులకు బొమ్మలు గీస్తున్నానని నాకు లోలోపల పీకుతుండేది. ఒకసారి ఆయనతో అన్నాను. ఆయన చాయ్ ఊదుకుని ఒక గుక్క తాగారు. "తుపాకి వాళ్లది సారు, కుర్చీ మనది. అండ్ల కూసున్నోడు మల్ల ఇంటికి పోవాలె, గంతే మన పని."

అందుకే ఆయనకో పద్ధతి ఉండేది. లోపల ఏది బిగించాలన్నా, చిన్న చిన్న వెల్డింగ్ చుక్కలతో తాత్కాలికంగా అతికించి, బండ్లతో పాటు వచ్చిన సైనికుల్లో అందరికంటే పొడుగాయన్ని పిలిచేవారు. బుల్లెట్లు ఆపే బరువు జాకెట్టు, హెల్మెట్టు వేసుకుని కూర్చోమనేవారు. లోపల నిప్పంటుకుందనుకుని బయటికి రమ్మనేవారు. అతను ఎక్కడా తగలకుండా వస్తేనే అసలు వెల్డింగ్. పొడుగువాడికి సరిపోతే పొట్టివాడికి ఎలాగూ సరిపోతుందని ఆయన లెక్క.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. మనవరాలు పుట్టిందని మేస్త్రి నెల రోజులు సెలవు మీద ఊరెళ్లారు. ఆ నెలలోనే కాల్చేవాడి తెరకు స్టాండు బిగించాల్సి వచ్చింది. సైనికులెవరూ ఆ వారం అందుబాటులో లేరు. దానికేముంది అని నేనే లోపలికి దూరి, సీట్లో కూర్చుని, కొలత తీసుకున్నాను. నేను ఐదడుగుల మూడంగుళాలు. ఒంటి మీద ఉన్నది పల్చటి చొక్కా. స్టాండు చేతికి చక్కగా అందిందని మురిసిపోయి డ్రాయింగు ఇచ్చాను. నాలుగు బండ్లకు అలాగే వెల్డింగ్ చేసి, రంగు కూడా వేసేశారు. వారంలో ఆర్మీ వాళ్ల తనిఖీ.

మేస్త్రి సెలవు నుంచి వచ్చిన రోజే మొదటి డబ్బాలోకి వెళ్లి ఆ సీట్లో కూర్చున్నారు. బయటికి వచ్చి పొడుగు సైనికుణ్ణి పిలిపించారు. అతను జాకెట్టు, హెల్మెట్టుతో కూర్చుని, లెమ్మనగానే లేచి, హెల్మెట్టు స్టాండు అంచుకు ఠంగుమని కొట్టుకుంటే నవ్వేశాడు. మళ్లీ చేయమన్నారు. ఈసారి జాకెట్టు పట్టీ స్టాండు మూలకు తగులుకుంది. అతను వెనక్కి వాలి, చేత్తో వెతికి, దాన్ని విడిపించుకుని బయటికి వచ్చేసరికి ఎంతసేపయ్యిందో నేను చెప్పను. ఈసారి అతనూ నవ్వలేదు.

అందరూ వెళ్లాక మేస్త్రిని పక్కకు పిలిచి నీళ్లు నమిలాను. నా కాంట్రాక్టు ఆ నెలతో అయిపోతోంది. మళ్లీ ఉంచుకుంటారో పంపేస్తారో మేనేజర్ చేతిలో ఉంది. పిల్లలిద్దరూ ఇక్కడి బళ్లో చదువుతున్నారు. ఈ తనిఖీ గడిచిపోనివ్వండి, తర్వాత ఎవరికీ తెలియకుండా నేనే మార్పిస్తానని బతిమాలాను. ఆయన కళ్లజోడు తీసి తువ్వాలు అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు.

"గప్పటిదాంక నిప్పు ఆగుతదా సారు?" అన్నారు. "తప్పు నువ్వే చెప్పుకో. నేను పక్కపొంటి నిలవడ్త."

మర్నాడు మస్కట్ అల్ ఖువైర్‌లోని మా ఆఫీసుకు కారులో బయల్దేరాం. ఉతికి మడతపెట్టిన యూనిఫాం వేసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. రెండు గంటల దారిలో ఆ స్టాండు మాట ఒక్కసారీ ఎత్తలేదు. మనవరాలు ఎలా నవ్వుతుందో, ఎవరి ముక్కు వచ్చిందో అదే చెప్పుకుంటూ వచ్చారు. ఆ ముక్కు గురించి వినే ఓపిక నాకు ఆ రోజు లేదు. అయినా ఊ కొట్టాను. ఇప్పుడనిపిస్తుంది, ఆయన చెప్పింది నా ధ్యాస దారి మీద నిలవడానికేనని.

మేనేజర్ ముందు నేనే చెప్పాను, పొట్టివాణ్ణి నేనే కూర్చున్నానన్న సంగతితో సహా. ఆయన విని, మేస్త్రి వైపు తిరిగి, మనిషిని కూర్చోబెట్టకుండా మీ వెల్డర్లు ఎలా చేశారని అడిగారు. మేస్త్రి హిందీలో నెమ్మదిగా చెప్పారు. తానుంటే కూర్చోబెట్టేవాణ్ణని, తాను లేనప్పుడు కూడా కూర్చోబెట్టమని చెప్పి వెళ్లకపోవడం తన తప్పని. అంతవరకే తనదన్నారు. నా తప్పులో ఒక్క పిసరు కూడా తన మీద వేసుకోలేదు. అప్పుడు కాస్త చివుక్కుమంది. ఆ తర్వాత చాలా రోజులకు అర్థమైంది, అందుకే మేనేజర్ ఆయన చెప్పిన ప్రతి మాటా నమ్మారని. ఎన్ని రోజుల్లో సరిచేయగలరని అడిగితే, తనిఖీలోపు కాదు, ఇనుము చల్లారాలి, ఆర్మీ ఆఫీసరుకు మనమే ముందు చెబుదాం అన్నారు. తనిఖీ వాయిదా పడింది. నా ఫైల్లో ఒక హెచ్చరిక కాయితం చేరింది. ఉద్యోగం మాత్రం ఉంది.

నాలుగు స్టాండ్లూ కోసి తీశారు. వాటి చోట తోస్తే పక్కకు తిరిగిపోయే కీలు స్టాండ్లు పెట్టాలన్నది మేస్త్రి ఆలోచనే. బొమ్మ గీసింది నేను. గీశాక ఆ బరువు జాకెట్టు నాకు తొడిగి, ఒక్కో డబ్బాలో పదేసిసార్లు లేపి బయటికి రప్పించారు. నా మోకాళ్లు కొట్టుకుపోయాయి. పాకిస్తానీ వెల్డర్లు పని మానేసి మరీ చూశారు. ఎనిమిదోసారికి నేనూ నవ్వడం మొదలుపెట్టాను.

ఆ ఏడాది చివర్లో ఆయన కంపెనీ వదిలి ఊరెళ్లిపోయారు. ఇక చాలు, మనవరాలితో తిరగాలి అన్నారు, తిరిగారు కూడా. అప్పుడప్పుడు ఫొటోలు పంపేవారు. ఆ పిల్ల ముక్కు నిజంగానే ఆయనదే. కోరుకున్నట్టే మనవరాలితో గడిపారు కాబట్టి నాకు ఆ విషయంలో దిగులు లేదు. ఆయన దగ్గర నేర్చుకున్నదానికి ఎప్పుడూ చేతులెత్తి దండం పెట్టలేదే అన్నదే నా బాధ. ఇప్పుడు పెడుతున్నాను.

ఆయన్ని తలుచుకోగానే నాకు కనబడేది వర్క్‌షాపు కాదు, సరిచేసిన డబ్బా మీది తుపాకిని కాల్చి పరీక్షించిన రోజు. ఊళ్లకు దూరంగా ఎడారిలో, పొద్దున తొమ్మిదికే కళ్లు చెదిరే ఎండ. మా డబ్బా, కాల్చేవాడి సీట్లో ఆ పొడుగు సైనికుడితో, అల్లంత ముందర కొండవైపు మొహం పెట్టి నిలబడి ఉంది. వెనకాల గుడారం కింద మేనేజరు, ఆఫీసర్లు, మేము. కప్పు మీది తుపాకి మోగినప్పుడల్లా అందరి దుర్భిణీలూ కొండ మీది గురి వైపే లేచాయి. మేస్త్రి కూడా ఎవరిదో ఒకటి అడిగి తీసుకున్నారు. కానీ దాన్ని కిందికి, డబ్బా వెనక తలుపు మీద పెట్టి ఉంచారు. గురి పైన ఉందండీ అని చెవిలో చెప్పాను. ఆయన వినిపించుకోలేదు.

కాల్పులు ఆగాయి. బయటికి రమ్మని ఈల వేశారు. తలుపు తెరుచుకుంది. లెక్కపెడుతూ మేస్త్రి పెదవులు ఒకటి, రెండు, మూడు అని కదిలాయి, అక్కడితో ఆగిపోయాయి. సూడు అని దుర్భిణీ నా చేతిలో పెట్టారు. నేను కళ్లకు పెట్టుకునేసరికి ఆ పొడుగు మనిషి అప్పటికే బయట ఎండలో ఉన్నాడు. నిటారుగా నిలబడి, హెల్మెట్ తీసి, జుట్టులో చెమట దులుపుకుంటున్నాడు.