చెవులు ముందా, తుపాకి ముందా

ఆ రోజుల్లో నాకు దొంగలంటే ఎంత భయమో తెలిస్తే దొంగలే మొహమాటపడి ఉండేవారు. గ్రీన్ కార్డు వచ్చిన ఉత్సాహంలో ఆష్‌బర్న్‌లో మూడంతస్తుల టౌన్‌హౌస్ కొన్నాను, ఒక్కడినే. పై అంతస్తులో పడుకుని, మధ్య అంతస్తులో వండుకుని, కింది అంతస్తుతో ఏం చేయాలో తెలియక దాన్ని అలాగే వదిలేశాను. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలు కాపు కాస్తున్నారంటూ వాట్సాప్ గ్రూపులో రోజూ ఎవరో ఒకరు పెట్టేవారు. నా ఇంట్లో ఉన్న బంగారమంతా నా వేలికి ఉన్న ఉంగరమే. (నేను లావెక్కాక అదీ ఊడి రావడం మానేసింది, దొంగకైనా కష్టమే.) అయినా భయానికి బంగారంతో పనేముంది? ఆఫీసులో మేమందరం తుపాకి అన్న అని పిలుచుకునే సీనియర్ ఒకాయన ఉండేవాడు. ఆయన వెంట వెళ్ళి ఒక పిస్తోలు, దాన్ని దాచడానికి నంబర్లు నొక్కి తెరిచే చిన్న సేఫ్, చెవులకి పెట్టుకునే ఇయర్‌మఫ్స్ కొనుక్కొచ్చాను. మూడింటిలో నాకు నచ్చింది ఇయర్‌మఫ్సే.

అన్నతో నాకు పేచీ అక్కడే మొదలైంది. గదిలో తుపాకి పేలిస్తే చెవులు శాశ్వతంగా పాడవుతాయట, అంచేత దొంగ వచ్చినప్పుడు ముందు చెవులు మూసుకోవాలి, తర్వాతే సేఫ్ తెరవాలి అన్నది నా సిద్ధాంతం. నెలకోసారి ఆఫీసుకి వెళ్ళే రోజున లంచ్ టేబుల్ దగ్గర ఆ మాట చెప్పగానే ఆయన చేతిలో రోటీ కింద పెట్టేశాడు. "అరె తమ్మీ, దొంగొచ్చినంక హెడ్‌ఫోన్స్ వెతుక్కుంటవా? రెండు నిమిషాలాగు భయ్యా, చెవులు పెట్టుకుంటున్న అంటవా వానితోని?" అన్నాడు. "పాణం ఉంటే చెవులు. పాణం పోయినంక మంచి చెవులు పెట్టుకొని ఏం జేస్తవ్?" అని కూడా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ నా సిద్ధాంతం మార్చుకోలేదు. ఎందుకంటే వాళ్ళకి చెప్పని కారణం ఒకటుంది. నాకున్న మనుషులందరూ చెవుల్లోంచే వచ్చేవారు. ఆ ఒక్కరోజు తప్ప ఇంటినుంచే పని, మీటింగులన్నీ ఫోన్లో, అక్కచెల్లెళ్ళు ఫోన్లో, స్నేహితులు ఫోన్లో. వారం వారం కళ్ళతో చూసే మనిషంటే ఆదివారం తెలుగు చర్చిలోనే. ఆ చెవులు కూడా పోతే నా దగ్గర మిగిలేదెవరు?

ఆ ఇయర్‌మఫ్స్‌కి ఇంకో గుణం ఉంది. బ్యాటరీ వేస్తే పెద్ద చప్పుళ్ళని ఆపేసి చిన్న చప్పుళ్ళని పెద్దవి చేస్తాయి. ఒక సాయంత్రం ఊరికే పెట్టుకుని సోఫాలో కూర్చుంటే గోడ అవతలి ఇల్లు వినిపించింది. ఒక పిల్లవాడు హోంవర్క్ చేయనని మారాం చేస్తున్నాడు, వాళ్ళమ్మ ఏదో భాషలో బుజ్జగిస్తోంది, ఎవరో నవ్వుతున్నారు. పక్కింటి మాటలు దొంగచాటుగా వినడం తప్పని నాకూ తెలుసు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు కాబట్టి తప్పు సగమే అని సర్దిచెప్పుకుని, రోజూ ఒక గంట అలా కూర్చునేవాణ్ణి. బ్యాటరీ అయిపోవడానికి అదే కారణం. చివరిసారి స్విచ్ ఆపకుండా పక్కన పెట్టేశానేమో, అయిపోయిన సంగతి మాత్రం గమనించలేదు.

ఆ ఏడాది థాంక్స్‌గివింగ్‌కి న్యూజెర్సీలో స్నేహితుడి ఇంటికి వెళ్తున్నానని ఊరంతా చాటాను. చర్చిలో ఒక ఆంటీ, కాకినాడ వైపు ఆవిడ, నన్ను కాస్త కనిపెట్టి చూసేది. ఆవిడ ఇచ్చిన కరివేపాకు మొక్క మా వంటింటి కిటికీలో ఉండేది. "శనివారం వచ్చి నీళ్ళు పోస్తాన్లే, నువ్వు హాయిగా వెళ్ళిరా నాయనా" అంది. తలుపు కోడ్ ఇచ్చాను. బుధవారం స్నేహితుడు ఫోన్ చేసి "సారీరా, మా అత్తగారి వాళ్ళొస్తున్నారు, పడుకోడానికి ప్లేస్ లేదు, క్రిస్మస్‌కి ప్లాన్ చేద్దాం" అన్నాడు. ఆ మాట ఆంటీకి చెప్పడానికి నోరు రాలేదు. వద్దన్నారని చెప్పుకోవడం కంటే వెళ్ళినట్టే ఉండడం మేలనిపించింది. కారు గరాజ్‌లో పెట్టి, బ్లైండ్స్ దించి, పండగ రోజు, గురువారమంతా నా ఇంట్లో నేనే దొంగలా నూడుల్స్ తిని గడిపాను. శనివారం ఆంటీ వచ్చే వేళకి ఏదో ఒక మాల్‌లో తిరుగుదామని నా పథకం.

శుక్రవారం పొద్దున పదకొండింటికి అలారం పెట్టె "ఫ్రంట్ డోర్ ఓపెన్" అంది. దొంగ వచ్చేశాడు. అయినా సిద్ధాంతం సిద్ధాంతమే. ముందు ఇయర్‌మఫ్స్ తగిలించుకున్నాను. బ్యాటరీ లేదుగా, లోకం మొత్తం మూగబోయింది. క్లాజెట్‌లో బట్టల వెనక దూరి సేఫ్ మీద నంబర్లు నొక్కాను, తప్పు. మళ్ళీ నొక్కాను, తప్పు. ఎవరో మెట్లెక్కుతున్న అదురు అరికాళ్ళకి తెలుస్తోంది. ఫోన్ తీసి పోలీసులకి 911 కొట్టి, ఇయర్‌మఫ్ మీదే ఆనించుకుని గుసగుసగా అడ్రస్ చెప్పాను. అవతలివాళ్ళు ఏమంటున్నారో వినపడదు, అంచేత మళ్ళీ అడ్రసే చెప్పాను. నాలుగోసారి చెబుతూ ఒక చెవి పక్కకి తప్పించాను.

"సర్, ఆర్ యూ సేఫ్?" అంటోంది ఫోన్లో అమ్మాయి. కింద వంటింట్లో కుళాయి పారుతోంది, గిన్నెలు కడుగుతున్న చప్పుడు, దాని మీదుగా ఆంటీ గొంతులో ఆదివారం పాడే పాట. నా చెయ్యి ఇంకా సేఫ్ మీదే ఉంది. ఆ నంబర్లు మొదటిసారే సరిగ్గా నొక్కి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది. "షీ ఈజ్ వాషింగ్ మై డిషెస్" అన్నాను. తెలిసినావిడే అని చెప్పాను. అయినా పోలీసులు ఒకసారి వచ్చి చూసుకుని వెళ్తారంది. అప్పుడైనా కిందికి దిగాలి కదా? దిగలేదు. దిగితే న్యూజెర్సీ అబద్ధం బయటపడుతుంది. ఆంటీ తొందరగా వెళ్ళిపోతే బాగుండునని బట్టల మధ్య కూర్చుని ప్రార్థన చేశాను.

పోలీసాయనే ముందొచ్చాడు. తలుపు దగ్గర ఆంటీ ఇంగ్లీషు వినపడింది. "నో నో, హీ ఈజ్ నాట్ హోమ్. హీ వెంట్ టు న్యూజెర్సీ. ఐ యామ్ వాటరింగ్ కరివేపాకు." ఇక తప్పక నైట్ ప్యాంటుతో, మెడలో ఇయర్‌మఫ్స్‌తో మెట్లు దిగాను. పోలీసాయన నన్నూ, ఆంటీనీ, గుమ్మం పక్కన విడిచిన ఆవిడ చెప్పులనీ చూశాడు. గన్ ఉందా అని అడిగాడు. లాక్ చేసి ఉందన్నాను. "గుడ్" అని వెళ్ళిపోయాడు.

"రేపు చర్చిలో పనుందని ఇయ్యాల వచ్చాను" అంది ఆంటీ, తప్పు తనదైనట్టు. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఊరెళ్ళలేదా నాయనా?"

"వాళ్ళకి కుదర్లేదాంటీ."

"నిన్నంతా ఒక్కడివే ఉన్నావా ఇందులో?" తలూపాను. ఆంటీకి కోపం వచ్చింది. "మేం చచ్చాం అనుకున్నావా? రెండు మైళ్ళు లేదు మా ఇల్లు. పద్నాలుగు మందికి వండాం, పదిహేనో ప్లేటు పెట్టలేమా? చొక్కా వేసుకురా, పద" అంది. సింక్‌లో నా నూడుల్స్ గిన్నె ఒక్కటే కడగడానికి మిగిలింది. అది కూడా కడిగేసి బయల్దేరింది.

తర్వాతి వారం పిస్తోలు కొన్న షాపుకే తిరిగి అమ్మేశాను. తుపాకి అన్న నెల రోజులు ఏడిపించాడు. సేఫ్ సంగతి ఆంటీకి ఈనాటికీ చెప్పలేదు.

నాకిప్పుడు నలభై దాటాయి. ఆంటీ డల్లాస్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. లాంగ్ వీకెండ్ వస్తోందంటే నేనే ఫోన్ చేసి, "ఎక్కడికీ వెళ్ళట్లేదాంటీ, ఇంట్లోనే ఉన్నాను" అని చెబుతాను. అంత దూరం నుంచి ఆవిడ చేయగలిగిందేమీ లేదు. అయినా "సరేలే, ఏం వండుకుంటున్నావ్?" అని అడుగుతుంది. నేను రెండు కూరల పేర్లు చెప్పి ఒకటే వండుకుంటాను. ఆ వయసులో ఏకంగా న్యూజెర్సీ ప్రయాణమే అబద్ధం చెప్పినవాణ్ణి, ఇప్పుడు ఒక్క కూర దగ్గరికి వచ్చాను. కొంత బాగుపడినట్టే కదా.