బొంగరం పడిన మూల

ఏకపత్నీవ్రతం కన్నా కఠినమైనది ఏకజట్టువ్రతం. ఊరి ఫుట్‌బాల్ మైదానానికి కాపరిగా ఉన్న ఆ పెద్దమనిషి మొదటిదాన్ని నిష్ఠగా పాటించాడు. ప్రలోభాలేవీ ఎదురుకాకపోవడం కూడా అందుకు కొంత తోడ్పడింది. తప్పటడుగు పడింది రెండోదాంట్లోనే. ఆయన మనసు దోచినవాడు ఏటికి అవతలి జట్టులో ఎడమ పక్కన ఆడే ఒక బక్కపలచటి మనిషి. బంతితో గిరగిరా తిరిగిపోతాడని జనం వాణ్ణి బొంగరం అనేవారు.

ఈ సంగతి పొక్కితే ఉద్యోగం మాట దేవుడెరుగు, ఇంట్లోనే నిలువ నీడ ఉండదు. ఎందుకంటే బొంగరాన్ని అడ్డుకోవలసిన ఊరి ఆటగాడు స్వయానా ఆయన బావమరిది. తనను తాను ‘గోడ’ అని చెప్పుకునేవాడు. బొంగరం వచ్చిన రోజున మాత్రం ఆ గోడకు తలుపులూ కిటికీలూ కూడా ఉన్నాయని తేలేది. అప్పుడు కాపరి చేతులు వాటంతటవే చప్పట్లకు లేచేవి. ఆయన వాటిని దోమల మీదికి మళ్ళించేవాడు. మైదానంలో దోమలు పెరిగాయని బావమరిది ఒకసారి పైవాళ్ళకు ఫిర్యాదు కూడా చేశాడు.

ఆ ఏడు ఆటకు ముందురోజు బావమరిది పనిముట్ల గదిలోకి వచ్చి, తిరగేసిన బకెట్ మీద కూలబడ్డాడు.

“బావా, రేపు కూడా వాడు నన్ను బోల్తా కొట్టించాడంటే నన్ను బెంచీ మీద కూర్చోబెట్టరు. ఇంట్లోనే కూర్చోబెడతారు.”

“అది నీకు అలవాటైన పనేగా.”

“ఎకసెక్కాలొద్దు. గేటు పక్క మూల నీళ్ళు బాగా పట్టు. వాడి తిరుగుళ్ళన్నీ అక్కడే. బురదలో బొంగరం తిరగదు.”

“అసలే వాడి మోకాలు బాగోలేదట్రా.”

“వాడి మోకాలంటే నీకెందుకు బావా అంత బెంగ? నా పెళ్ళాం పిల్లలు ముఖ్యమా, వాడి మోకాలు ముఖ్యమా?”

నిజం చెప్పే ధైర్యం లేక కాపరి తల ఊపాడు.

ఊపిన తల రాత్రంతా పనిచేసింది. ఏ వైపు నిలబడాలో వచ్చిన జట్టే ఎంచుకోవడం ఆ మైదానంలో పాతకాలపు మర్యాద. సాయంత్రపు ఎండ కళ్ళల్లో పడకుండా వాళ్ళెప్పుడూ సూర్యుడికి వీపు పెట్టే మొదలుపెడతారు. అలా మొదలుపెడితే మొదటి సగంలో బొంగరం ఉండేది గేటు మూలన. సగం అయ్యాక వైపులు మారతాయి, ఆడేది దానికి ఐమూలగా ఉన్న పంపుగది మూలన. కానీ మోకాలు దెబ్బతిన్నప్పటి నుంచీ మొదటి సగం అవగానే వాణ్ణి బయటికి పిలిచేస్తున్నారు. కనుక పంపుగది మూలను తడిపితే వాడికి ఏ గండమూ లేదు. బావమరిదికి “మూల తడిపానురా” అని చెప్పుకోవచ్చు. ఏ మూలన్నది శాస్త్రకారులు చూసుకుంటారు. మర్నాడు పంపుగది మూల పచ్చిక కింద చెరువైంది.

సాయంత్రానికి మబ్బు పట్టింది.

ఎండ లేనప్పుడు సూర్యుడికి వీపు పెట్టే పనేముంది? ఏటి అవతలి కెప్టెన్ గాలివాటం చూసుకుని రెండో వైపు ఎంచుకున్నాడు. బొంగరం నెమ్మదిగా పంపుగది వైపు నడిచాడు.

కాపరి గీత పక్కన నిలబడిపోయాడు. అటు వెళ్ళకు అని ఒక్క కేక వేస్తే చాలు. వేస్తే ఊరంతా తిరిగి చూస్తుంది, బావమరిది అందరికన్నా ముందు చూస్తాడు. నోరు తెరిచాడు. ఎదురుగా బంతి వాడి కాలికి చేరింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. బొంగరం తిరిగాడు. ఒళ్ళు తిరిగింది, పాదం మట్టిలో ఉండిపోయింది. వాడి అరుపు వినపడలేదు, ఊరు అంత గట్టిగా కేరింతలు కొట్టింది.

నలుగురు వాణ్ణి మోసుకెళ్ళారు. ఆ తర్వాత వాడు ఏ మైదానంలోనూ కనిపించలేదు. ఏదో దుకాణంలో కూర్చునే పని చూసుకున్నాడని విన్నారు.

బావమరిది మాత్రం జట్టులో నిలిచాడు. ఆ రాత్రే వచ్చి కాపరిని ఎత్తినంత పని చేశాడు.

“అక్కా, నీ మొగుడు మామూలోడు కాదే! నేను గేటు మూల అంటే, ఈయన మబ్బు పడుతుందని ముందే కనిపెట్టి పంపుగది మూల తడిపాడు!”

“నా తమ్ముడి సంసారం నిలబెట్టారండీ” అంటూ భార్య కళ్ళొత్తుకుంది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆమె మొగుణ్ణి తెలివైనవాడంది.

ఆయన కాదనలేదు. చేశానంటే అబద్ధం, చెయ్యలేదంటే అంతకన్నా పెద్ద అబద్ధం. ఏ నిజం చెప్పినా ఒక ద్రోహం బయటపడుతుంది, చెప్పకపోతే రెండూ కడుపులో ఉంటాయి. ఆయనకు కడుపే నయమనిపించింది.

మరుసటి ఏడు ఆట దగ్గరపడగానే బావమరిది గదిలోకి తొంగిచూశాడు.

“వాళ్ళు కొత్తోణ్ణి తెచ్చారు బావా. కుర్రాడు, మహా చురుకట. ఏ మూలో నేను చెప్పను, నీకే తెలుసు. ఆకాశం చూసుకో.”

వాడు వెళ్ళాక కాపరి పైపు భుజాన వేసుకుని బయటికొచ్చాడు. ఆకాశంలో ఏమీ లేదు. ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.