బడికి పంపొద్దని నేనే చెప్పాను

నిజాం మీదికి ఇండియా మిలిటరీ వచ్చి పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది నాకు పంతొమ్మిదేళ్లు. బోయిగూడలో ఒక పెద్దావిడ తన ఇంటి వరండాలో నడిపే చిన్నపిల్లల బడిలో పనిచేసేదాన్ని. నాలుగేళ్లు, అయిదేళ్లు ఉన్న పిల్లలు పద్దెనిమిది మంది. పాటలు, పలకలు, ముక్కులు తుడవడం, అంతే మా చదువు.

సెప్టెంబరులో కొన్ని రోజులు బడి మూశాం. మళ్లీ తెరిచాక ఏదీ మునుపటిలా లేదు. బొల్లారం వైపు నుంచి మిలిటరీ లారీల చప్పుడు వినిపిస్తే పిల్లలు పలకలు వదిలేసి వరండా చివరికి పరుగెత్తేవాళ్లు. నాకూ కుదురు ఉండేది కాదు. అక్షరం దిద్దిస్తూ మధ్యలో లేచి, గేటు గడియ వేసి ఉందో లేదో చూసి వచ్చేదాన్ని. కూర్చుంటే మళ్లీ అనుమానం వచ్చేది.

మా పిల్లల్లో ఒక దర్జీ కూతురు ఉండేది. ముస్లింలు, కానీ ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు. బడి తెరిచిన రెండో రోజు ఒక పాప తండ్రి గేటు దగ్గర నన్ను ఆపాడు.

"ఆ దర్జీ బిడ్డను కొన్ని దినాలు రానియ్యకున్రి టీచరమ్మా. లేకుంటే మా పిల్లల్ని పంపం."

అతని వెనక ఇంకో ఇద్దరు తలూపారు. పెద్దావిడ తన తమ్ముడి క్షేమం తెలుసుకోవడానికి వరంగల్ వెళ్లి ఉన్నారు. ఆవిడ లేరు కదా, నేనేం చేయగలను అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ సాయంత్రమే దర్జీ ఇంటికి వెళ్లి, "పాపను కొన్నాళ్లు పంపకండి, మీ మంచికే" అన్నాను. ఆ తల్లి తలుపు మెల్లగా మూసుకుంది. ఆ చప్పుడు చాలా రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు.

దసరా దగ్గరపడింది. పెద్దావిడ తిరిగి వచ్చారు. దర్జీ కూతురు ఏదని అడిగితే, రావడం లేదని మాత్రం చెప్పాను. పండుగనాడు బడి ఉండదు కాబట్టి సెలవులకు ముందే పిల్లల చేత జమ్మి ఆకు పంచిపెట్టిద్దామని ఆవిడ అన్నారు. ఒక్కొక్కరూ తమకు మంచి చేసిన వాళ్లకు ఆకు ఇవ్వాలి, ఆ మంచి ఏమిటో చెప్పాలి.

పిల్లలు ఉత్సాహంగా లేచారు. "నేను పడితే లేపింది." "జామకాయ సగం ఇచ్చింది." ఆకులు నలిగిపోయాయి, ఒకరిద్దరు నోట్లో పెట్టుకున్నారు. ఒక పాప మాత్రం తన ఆకును పిడికిట్లో దాచుకుని కూర్చుంది.

"నీదెవరికమ్మా?"

"నా పక్కన కూసుంటదే, గామెకు. నా బలపం ఇరిగితే తనది ఇచ్చింది."

"ఆ పాప ఇవాళ రాలేదు కదా."

"మీరే రావొద్దన్నరట గదా. మా అమ్మ చెప్పింది."

పెద్దావిడ నా వైపు చూశారు. మిగతా పిల్లలు వెళ్లాక, "పోయి పిలుచుకొని రా. ఎవరన్న పిల్లల్ని మానిపిస్తే మానిపియ్యని" అన్నారు.

ఆకు దాచుకున్న పాపను వెంటబెట్టుకుని బయల్దేరాను. తలుపు తట్టగానే లోపల కుట్టుమిషను ఆగిపోయింది. చాలాసేపటికి తల్లి తలుపు కొద్దిగా తెరిచింది.

"మళ్లేమైంది టీచరమ్మా?"

"తప్పు నాదమ్మా. భయపడి అట్లా చెప్పాను. పాపను పంపండి."

"ఆయన బజారుకు పోవుడే బంద్ చేసిండు. బిడ్డను ఎట్ల పంపాలె?"

ఈలోగా తల్లి చేయి కిందనుంచి పిల్ల తొంగి చూసింది. నాతో వచ్చిన పాప పిడికిలి విప్పింది.

"బంగారం తీసుకో."

"ఏందీ? ఆకే గదా!"

"పండుగకు జమ్మి ఆకును గిట్లనే అంటరు."

ఇద్దరూ పకపకా నవ్వారు. తల్లి నవ్వలేదు. "చూస్త" అని మాత్రం అంది.

సెలవులయ్యాక మొదటి రోజు ఆ పిల్ల రాలేదు. రెండో రోజూ రాలేదు. గేటు చప్పుడైనప్పుడల్లా లేచి చూసేదాన్ని. మూడో రోజు తండ్రే తీసుకొచ్చాడు. వరండా మెట్టు దగ్గర వదిలి, నాకు నమస్కారం పెట్టి, తల వంచుకుని వెళ్లిపోయాడు. నన్ను ఆ రోజు బెదిరించినాయన తన కూతురిని మానిపించాడు. మిగిలినవాళ్లు మానిపించలేదు.

పిల్ల సరాసరి తన స్నేహితురాలి పక్కన కూర్చుంది. నాతో మాత్రం మాట్లాడేది కాదు. పిలిస్తే వచ్చేది, పలక చూపించేది, చేయి పట్టుకోబోతే వెనక్కి తీసుకునేది. నేను బతిమాలలేదు. ఏ ముఖంతో బతిమాలేది?

చలికాలం వచ్చింది. ఒక ఉదయం పాట పాడిస్తున్నాను. ఎవరో వెనకనుంచి నా కొంగు లాగారు. తిరిగి చూస్తే ఆ పిల్ల, కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడి ఉంది.

"టీచరమ్మా, ఒకటికొస్తుంది. జెర తోల్కపో."

పాట మధ్యలోనే ఆపి, చేయి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయాను.